కాగితాలు సర్దుకోవడం ఎలా? అగ్రరాజ్యం కాబోయేవారికి చిట్కాలు

అగ్రరాజ్యం కావాలని ముచ్చటపడే దేశాలు ముందుగా విమానవాహక నౌకలకు ఆర్డరిస్తాయి. తొందరపాటు. ముందు కొనాల్సింది బీరువా. అంతర్జాతీయ న్యాయం అని పెద్ద పేరే కానీ, విప్పి చూస్తే ఉండేవి కాగితాలు. ఒప్పందాలు, పటాలు, తీర్పులు, దౌత్య లేఖలు. వీటిలో ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు అని తేల్చే పని మీ దగ్గరే పెట్టుకోగలిగితే సగం అగ్రరాజ్యం అయిపోయినట్టే.

ఈ విద్యలో పాత గురువు అమెరికా. కానీ దాని పద్ధతి మొరటు. 1982 నాటి సముద్ర చట్టాల ఒడంబడికలో ఇవాళ్టికీ చేరలేదు. చేరకుండానే ఆ ఒడంబడిక పేరు చెప్పి అందరి సముద్రాల్లోనూ యుద్ధనౌకలు తిప్పుతుంది. చైనాది నాజూకైన పనితనం. సంతకం పెడుతుంది, ఆమోదిస్తుంది, బీరువాలో భద్రపరుస్తుంది, తాళంచెవి మాత్రం ఎవరికీ ఇవ్వదు. అందుకే పాఠాలన్నీ అక్కడినుంచే తీసుకున్నాను.

మొట్టమొదట మీకో గాయం ఉండాలి. లేకపోతే చరిత్ర పుస్తకాలు తిరగేసి వెతుక్కోండి. చైనాకు వెతుక్కునే పని లేదు, నిజమైనదే ఉంది. నల్లమందు వ్యాపారానికి అడ్డొచ్చారని బ్రిటన్ యుద్ధం చేసి, 1842 నాన్‌జింగ్ ఒప్పందంతో హాంకాంగ్ పుచ్చుకుంది, ఐదు రేవులు తెరిపించింది, పైగా 2.1 కోట్ల వెండి డాలర్లు కక్కించింది. 1901లో బాక్సర్ల తిరుగుబాటు అణిగాక విదేశీ రాజ్యాలన్నీ కలిసి వేసిన జరిమానా 45 కోట్ల టేళ్ల వెండి. అప్పటి జనాభా లెక్కన తలకొక టేల్, 39 ఏళ్ల వాయిదాల్లో, వడ్డీ అదనం. 1919లో పారిస్ శాంతి సభలో చైనా గెలిచిన పక్షాన కూర్చుని కూడా, జర్మనీ చేతిలోని షాన్‌డాంగ్ హక్కులు జపాన్‌కు పోతుంటే చూస్తూ ఉండాల్సి వచ్చింది. వెర్సాయ్ సంధి మీద సంతకం చేయకుండా చైనా ప్రతినిధులు తిరిగొచ్చారు. ఇవన్నీ చట్టప్రకారం, కాగితాల మీద, సంతకాలతో, సీళ్లతో జరిగిన పనులే.

కాబట్టి గాయం అబద్ధం కాదు. చిట్కా ఏమిటంటే దాన్ని ఆరనివ్వకూడదు. ప్రతి ప్రసంగంలోనూ కట్టు విప్పి చూపించాలి. దెబ్బ తిన్నవాడు ఇంకొకరిని కొడతాడా అని వినేవాళ్లు జాలిపడుతుండగా మీరు చేయాల్సింది చేసుకోవచ్చు.

ఆ అవమానాల శతాబ్దపు కథల్లో ఒకదాన్ని మాత్రం ఎక్కువ ప్రచారం చేయకండి. 1864లో డెన్మార్క్‌తో యుద్ధంలో ఉన్న ప్రష్యా రాయబారి, చైనాకు వచ్చీ రావడంతోనే తియాన్‌జిన్ దగ్గర దాగూ రేవు ముందు మూడు డెన్మార్క్ ఓడల్ని పట్టుకున్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే విలియం మార్టిన్ అనే అమెరికన్ మిషనరీ వీటన్ రాసిన అంతర్జాతీయ న్యాయశాస్త్ర గ్రంథాన్ని చైనీస్‌లోకి తెస్తున్నాడు. రాకుమారుడు గాంగ్ చేతికింది అధికారులు ఆ పుస్తకంలోంచి తీరజలాల సూత్రం తీసి రాయబారి ముందు పెట్టారు. ఇది మా నీళ్లు, ఇక్కడ మీ తగాదాలు కుదరవన్నారు. ఓడలు వదిలారు, 1,500 డాలర్ల పరిహారం కూడా ముట్టింది. దర్బారు సంతోషించి పుస్తకం అచ్చుకు డబ్బిచ్చింది, 300 ప్రతులు రాష్ట్రాల అధికారులకు వెళ్లాయి. చేతిలో ఫిరంగి లేనివాడు పుస్తకం తెరిస్తే ఫిరంగి ఉన్నవాడు వెనక్కి తగ్గాడన్నమాట. ఇలాంటి కథలు ఫిలిప్పీన్స్ వాళ్ల చెవిన పడటం మంచిది కాదు.

ఇక పటం. సముద్రం మీద హక్కు కావాలంటే కొలతలు వేయాలని, ఆధారాలు చూపాలని లాయర్లు చెబుతారు. వినొద్దు. గీతలు గీయండి. ఒక గీతకూ ఇంకో గీతకూ మధ్య ఖాళీ ఉండాలి. కలిపితే సరిహద్దవుతుంది, సరిహద్దంటే అక్షాంశాలు అడుగుతారు. 1947లో చాంగ్ కై షేక్ ప్రభుత్వం దక్షిణ చైనా సముద్రం చుట్టూ ఇలాంటి గీతలు పదకొండు గీయించింది. రెండేళ్లకు కమ్యూనిస్టులు ఆ ప్రభుత్వాన్ని తైవాన్‌కు తరిమేశారు, దాని చట్టాలన్నీ రద్దు చేశారు, పటం మాత్రం జాగ్రత్తగా మడిచి దాచుకున్నారు. 1950లలో టాంకిన్ అఖాతం దగ్గర రెండు గీతలు చెరిపేస్తే తొమ్మిది మిగిలాయి. 2009లో ఆ పటాన్ని ఐక్యరాజ్యసమితికి రాసిన లేఖకు జత చేశారు. 2023 ఆగస్టులో విడుదల చేసిన పటంలో తైవాన్‌కు తూర్పున ఉన్నదాన్నీ కలిపితే పది. (ఈ చిట్కాలకు నేను నంబర్లు వేయకపోవడానికి కారణం ఇదే.)

ఆ గీతల లోపల మీది అంటున్నది దీవులా, నీళ్లా, చేపలా, అడుగున ఉన్న చమురా అని ఎవరైనా అడిగితే, చరిత్ర అని జవాబివ్వండి. అక్కడితో ఆపండి. ఏటా దుక్కి రోజుల్లో గట్టును జానెడు జానెడు పక్కవాడి చేలోకి జరిపే పెద్దమనిషి ఎన్నడూ సర్వేయర్ని పిలవడు. పిలిస్తే కొలుస్తాడు.

గీతలయ్యాక రాళ్ల సంగతి. ఇది కాస్త నిదానంగా చెప్పుకోవాల్సిన విషయం, ఎందుకంటే అసలు పనితనమంతా ఇక్కడే ఉంది. ఒడంబడికలోని 121వ అధికరణం ప్రకారం మనుషులు నివసించడానికి గానీ, సొంతంగా ఆర్థిక జీవనం సాగించడానికి గానీ పనికిరాని రాయికి 200 నాటికల్ మైళ్ల ప్రత్యేక ఆర్థిక మండలి రాదు. నిజానికి ఈ 200 మైళ్ల మండలి కోసం 1970లలో లాటిన్ అమెరికా దేశాల వెనక నిలబడి గట్టిగా వాదించినవాళ్లలో చైనా ఒకటి. అప్పట్లో పెద్ద నౌకాదళాల నుంచి చిన్న దేశాల చేపల్ని కాపాడాలని దాని పట్టుదల. అప్పుడు తనకు పెద్ద నౌకాదళం లేదు మరి.

టోక్యోకు దక్షిణంగా దాదాపు 1,700 కిలోమీటర్ల దూరంలో జపాన్‌కు ఒకినోతోరి అని ఒకటుంది. ఆటువేళ పగడపు దిబ్బ కనిపిస్తుంది. పోటువేళ నీటిపైన మిగిలేవి రెండు రాళ్లు, రెండూ కలిపి పది చదరపు మీటర్లు కూడా ఉండవు. అవి అరిగిపోకుండా జపాన్ చుట్టూ కాంక్రీటు గోడలు కట్టింది, పైన టైటానియం వల పరిచింది. అది దీవే, దానికీ 200 మైళ్లు కావాలంది. 2009 ఫిబ్రవరిలో చైనా ఐక్యరాజ్యసమితికి లేఖ రాసింది. 121వ అధికరణం చదివారా, మనిషి ఉండలేని రాయికి మండలి ఏమిటి, ఇది మానవాళి ఉమ్మడి సముద్రాన్ని మింగేయడం కాదా అని దాని భావం. చక్కటి వాదన. న్యాయశాస్త్రం విద్యార్థులకు పాఠంగా చెప్పదగినది.

తొమ్మిది గీతల పటాన్ని అదే ఐక్యరాజ్యసమితికి పంపింది మూడు నెలల తరవాత, మే నెలలో.

ఇక్కడ నేర్చుకోవాల్సింది ఇది. ఎదుటివాడి రాయిని కొలిచే టేపును మీ రాళ్ల దగ్గరికి తీసుకురావద్దు. దక్షిణ చైనా సముద్రంలోని మిస్చీఫ్ రీఫ్ చూడండి. పోటువేళ మునిగిపోయే దిబ్బ. 1995లో దానిమీద కర్రల మీద నిలబెట్టిన గుడిసెలు వెలిశాయి. ఏమిటివి అని మనీలా అడిగితే, గాలివానలో జాలరులు తలదాచుకోవడానికి అన్నారు. ఆ జాలరులకు ఇప్పుడక్కడ రెండున్నర కిలోమీటర్లకు మించిన రన్‌వే ఉంది. దీవులకు సైనిక రూపం ఇచ్చే ఉద్దేశం లేదని 2015 సెప్టెంబరులో షీ జిన్‌పింగ్ వైట్‌హౌస్ తోటలో నిలబడి చెప్పారు. చెప్పేటప్పుడు తోటలో చెప్పడం మంచిది, ఆహ్లాదంగా ఉంటుంది.

ఎంత జాగ్రత్తపడినా ఎవరో ఒకరు కోర్టుకు వెళ్తారు. దానికి సిద్ధంగా ఉండాలి. సరిహద్దుల నిర్ణయం, చారిత్రక యాజమాన్యం, సైనిక వ్యవహారాలు నిర్బంధ విచారణకు రావని 2006లోనే చైనా ముందుజాగ్రత్తగా ప్రకటన దాఖలు చేసింది. 2013 జనవరిలో ఫిలిప్పీన్స్ తెలివిగా వాటి జోలికి పోకుండా, ఏ దీవి ఎవరిదో మమ్మల్ని తేల్చమనడం లేదు, ఏది రాయో ఏది దీవో చెప్పండి చాలు అంటూ ట్రైబ్యునల్‌కు ఎక్కింది.

అప్పుడు ఏం చేయాలి? హాజరు కావొద్దు. మీ తరఫు న్యాయమూర్తిని నియమించొద్దు. మీరు నియమించకపోతే నియమాల ప్రకారం సముద్ర చట్టాల అంతర్జాతీయ ట్రైబ్యునల్ అధ్యక్షుడు నియమిస్తాడు. ఆ సమయానికి ఆ కుర్చీలో ఉన్నది షుంజీ యనాయ్, జపనీయుడు. ఐదుగురిలో నలుగురిని ఆయనే వేశాడు. ఇక మీకు కావలసినంత మేత. జపాన్ మనిషి వేసిన బెంచీ న్యాయం చేస్తుందా అని గొంతు చించుకోవచ్చు. మీ కుర్చీ మీరే ఖాళీగా వదిలేసిన సంగతి ఎవరికీ గుర్తుండదు.

హాజరు కాకపోయినా మాట్లాడటం మానకండి. 2014 డిసెంబరులో చైనా ఓ వైఖరి పత్రం విడుదల చేసింది. విచారణలో పాల్గొనడం లేదని అందులోనే రాసి, ట్రైబ్యునల్‌కు విచారణాధికారం ఎందుకు లేదో అందులోనే వివరంగా వాదించింది. న్యాయమూర్తులు దాన్ని బుద్ధిగా చదివి, ఇది విచారణాధికారం మీద అభ్యంతరంగా పరిగణిస్తున్నాం అన్నారు. రాని అతిథికి విస్తరి వేసినట్టయింది వ్యవహారం.

2016 జులై 12న తీర్పు వచ్చింది, దాదాపు 500 పేజీలు. తొమ్మిది గీతల లోపలి వనరుల మీద చారిత్రక హక్కులకు చట్టబద్ధత లేదు. ఆ సముద్రంలోని స్ప్రాట్లీ దీవుల్లో ఏ ఒక్కటీ 200 మైళ్లకు అర్హమైన దీవి కాదు. మిస్చీఫ్ రీఫ్ ఫిలిప్పీన్స్ ఆర్థిక మండలిలోది. చైనా పడవలు ప్రొపెల్లర్లతో పగడాలను దున్ని పెద్ద ఆల్చిప్పలను ఏరుకుపోయిన సంగతి కూడా అందులోకెక్కింది. ఒకినోతోరి మీద చైనా రాసిన లేఖల ప్రస్తావన కూడా ఉంది. అందుకే చెప్పాను, టేపు ఇంట్లోనే ఉంచండని.

తీర్పు దెబ్బ తగిలిన చోట్లలో ఇటు అబా ఒకటి. అర చదరపు కిలోమీటరు కూడా గట్టిగా ఉండని ఆ దీవి తైవాన్ చేతిలో ఉంది. బావి నీళ్లున్నాయి, బొప్పాయి చెట్లున్నాయి, ఆసుపత్రి ఉంది అని తైవాన్ ఆ ఏడాది విదేశీ విలేకరులను తీసుకెళ్లి మరీ చూపించింది. ట్రైబ్యునల్ అదీ రాయే అంది. దాంతో బీజింగ్, తైపీ ఒకే రోజున ఒకే తీర్పును తిట్టిపోశాయి. ఇంత ఐకమత్యం వాటి మధ్య అరుదు.

తీర్పు వస్తుందనగా ఆ నెలలోనే మాజీ స్టేట్ కౌన్సిలర్ దాయ్ బింగ్‌వో వాషింగ్టన్‌లో, అది ఉత్త కాగితం ముక్క అని తేల్చేశారు. ఆ మాట బాగుంది, మీరూ వాడుకోవచ్చు. కానీ తరవాత జరిగింది చూసి నేను కొంచెం నిరుత్సాహపడ్డాను. 2018లో చైనా అంతర్జాతీయ న్యాయ సంఘం ఆ ఉత్త కాగితం ముక్క ఎందుకు తప్పో వివరిస్తూ 500 పేజీలు దాటిన గ్రంథం అచ్చేసింది. చిత్తుకాగితానికి అంత కష్టపడి జవాబు ఎవరు రాస్తారు? మీరు మాత్రం రాయకండి. రాస్తే భయపడ్డారనుకుంటారు.

సొంతంగా సంతకం పెట్టిన కాగితాల విషయంలో ఇంకా తేలిక. 1984లో హాంకాంగ్ గురించి బ్రిటన్‌తో ఉమ్మడి ప్రకటన మీద చైనా సంతకం చేసింది, ఐక్యరాజ్యసమితిలో నమోదు చేయించింది. 1997 నుంచి 50 ఏళ్లు అక్కడి జీవనవిధానం మారదని అందులో మాట. సరిగ్గా 20 ఏళ్లకు, 2017 జూన్ చివరిలో, అది చారిత్రక పత్రమనీ ఆచరణలో దానికిక ప్రాముఖ్యం లేదనీ విదేశాంగ ప్రతినిధి సెలవిచ్చారు. ఓడించి తరిమిన ప్రభుత్వం గీసిన 1947 గీతలు ప్రాణంతో ఉన్నాయి, తాను చేసిన 1984 సంతకం చరిత్రలో కలిసింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నవాడికి కనీసం కుందేలైనా ఒకటే ఉండేది.

మన సరిహద్దు దగ్గరా ఇదే చాకచక్యం. 1914 సిమ్లాలో బ్రిటిష్ వాళ్లు గీసిన మెక్‌మహన్ రేఖ సామ్రాజ్యవాదుల కుట్ర, చెల్లదు. అదే రేఖ తూర్పుకు సాగి బర్మాలోకి వెళ్లేసరికి పరిశుద్ధమైపోయింది. 1960లో బర్మాతో చేసుకున్న సరిహద్దు ఒప్పందం చాలావరకు దాని వెంటే నడిచింది, పేరెత్తలేదంతే. ఇటు అరుణాచల్‌లో మాత్రం ఊళ్లకూ కొండలకూ నదులకూ కొత్త పేర్లు పెట్టే కార్యక్రమం నడుస్తోంది. 2017లో 6, 2021లో 15, 2023లో 11, 2024లో 30, 2025లో 27. ఢిల్లీ ప్రతిసారీ తోసిపుచ్చుతుంది, బీజింగ్ మళ్లీ జాబితా తీస్తుంది. బారసాలకు ఖర్చు తక్కువ. బిడ్డ ఎవరిదన్న గొడవ తరవాత చూసుకోవచ్చు.

పంచశీల గురించి ఎవరైనా ఎత్తిపొడిస్తే తల ఎత్తుకుని నిలబడండి. 1954 ఏప్రిల్ 29న టిబెట్ వ్యాపార ఒప్పందం పీఠికలో ఆ ఐదు సూత్రాలు రాసుకున్నాం. ఒప్పందం గడువు ఎనిమిదేళ్లు. 1962 జూన్‌లో గడువు తీరింది, అక్టోబరు 20న చైనా సైన్యం ఇండియా మీదికి కదిలింది. గడువు లోపల కదల్లేదు, గమనించండి. 2024లో పంచశీలకు 70 ఏళ్లని బీజింగ్‌లో వేడుక కూడా చేశారు.

భద్రతామండలిలో చేయి ఎత్తి అడ్డుపడటం పాత పద్ధతి. బీజింగ్ 1971లో ఆ కుర్చీలోకి వచ్చి, మరుసటేడు తన తొలి వీటోను బంగ్లాదేశ్ సభ్యత్వం మీద వాడింది, దానికి ఇప్పటికీ మాట పడుతోంది. అంతకన్నా సాంకేతిక నిలుపుదల మేలు. పాకిస్తాన్‌కు చెందిన మసూద్ అజర్‌ను ఐక్యరాజ్యసమితి ఉగ్రవాదుల జాబితాలో చేర్చమని ఇండియా అడిగితే 2016 నుంచి 2019 మే 1 దాకా ఫైలు అలా ఆగింది. కాదన్నది లేదు, అవునన్నది లేదు, ఇంకా పరిశీలిస్తున్నాం అంతే. మన మండల ఆఫీసుల్లో పని చేసినవారికి ఈ చిట్కా విడిగా నేర్పక్కర్లేదు.

నదుల చట్టాల గురించి ఒకే మాట. నది మీ దగ్గర పుట్టి కిందికి పోతుంటే ఏ ఒడంబడికలోనూ చేరకండి. 1997లో ఐక్యరాజ్యసమితి జలప్రవాహాల ఒడంబడికకు వ్యతిరేకంగా ఓటేసినవి మూడే దేశాలు: చైనా, టర్కీ, బురుండి. (ఇండియా తటస్థంగా కూర్చుంది. మనకు పైనా దేశాలున్నాయి, కిందా ఉన్నాయి కదా.) బ్రహ్మపుత్ర పెద్ద వంపు దగ్గర మహా జలవిద్యుత్ ప్రాజెక్టు పనులు 2025 జులైలో మొదలయ్యాయి. కిందివాళ్లను అడగాల్సిన కాగితమేదీ బీరువాలో లేదు.

ఎవరైనా మరీ నిలదీస్తే వేలు అమెరికా వైపు చూపండి. నికరాగువా కేసులో 1986లో అంతర్జాతీయ న్యాయస్థానం తప్పుపడితే అమెరికా పాటించిందా? ఇరాక్ మీదికి ఎవరి అనుమతితో వెళ్లింది? ఇది తిరుగులేని చిట్కా, ఎందుకంటే ఆ మాటలు నిజం. ఒక్కటే చిక్కు. ఆ లెక్కన నేరస్తుడి పక్కన మీరే పోయి నిలబడ్డట్టు అవుతుంది. ఫొటోలో ఇద్దరూ పడతారు.

ఇప్పుడు నన్ను ఇబ్బంది పెట్టే భాగానికి వస్తాను. చైనా కొన్నిచోట్ల నియమాలు పాటిస్తుంది. అరుదైన ఖనిజాల ఎగుమతుల మీద కోటాలు పెట్టినందుకు ప్రపంచ వాణిజ్య సంస్థలో 2014లో ఓడిపోయి, మరుసటేడు కోటాలు ఎత్తేసింది. 2016లో తెరిచిన ఏషియన్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో అతిపెద్ద వాటా తనదే అయినా, రెండో పెద్ద వాటాదారు ఇండియా. ఆ బ్యాంకు ఇండియాకిచ్చిన మొదటి అప్పు ఆంధ్రప్రదేశ్‌లో 24 గంటల కరెంటు పథకానికి, 2017లో 16 కోట్ల డాలర్లు. దోక్లాంలో ఈ రెండు దేశాల సైనికులు ఎదురెదురుగా నిలబడ్డ ఏడాదే అది. ఇలా లెక్కాపత్రాలతో, పద్ధతిగా నడిచే సంస్థలు పెడితే చివరికి పద్ధతే అలవాటైపోతుందేమోనని నా బెంగ. 2025 ఏప్రిల్‌లో మాత్రం ఏడు అరుదైన ఖనిజాలకు ఎగుమతి లైసెన్సులు పెట్టి, జాతీయ భద్రత అని కారణం రాశారు. మన కార్ల కంపెనీలు మాగ్నెట్లు దొరక్క గిలగిల్లాడాయి. కోటా అంటే కేసు వేస్తారు, భద్రత అంటే కాస్త ఆలోచిస్తారు. ఊపిరి పీల్చుకున్నాను.

కోర్టులు నచ్చకపోతే సొంత దుకాణం తెరవండి. 2025 మే 30న హాంకాంగ్‌లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ సంస్థ ఏర్పాటుకు ముప్పైకి పైగా దేశాలు సంతకాలు చేశాయి. ఆఫీసు వాన్ చాయ్‌లోని పాత పోలీస్ స్టేషన్ భవనంలో. ఇక్కడ తీర్పులుండవు, ఇద్దరూ ఒప్పుకుంటేనే పరిష్కారం. ఎదుటివాడు మీలో పదో వంతు ఉన్నప్పుడు ఒప్పించడం కష్టమేమీ కాదు.

చివరిగా గుమాస్తాలకు ఒక సూచన. తీర్పును గుర్తించబోమని ఒకసారి చెప్పి ఊరుకుంటే సరిపోదు. 2020లో ఇండోనేషియా ఐక్యరాజ్యసమితికి లేఖ రాస్తూ అదే తీర్పును ఉదహరించింది, దానికి జవాబివ్వాలి. వియత్నాం రాస్తుంది, ఆస్ట్రేలియా రాస్తుంది, ఆఖరికి ఒడంబడికలో లేని అమెరికా కూడా రాస్తుంది. 2024 నవంబరులో ఫిలిప్పీన్స్ ఆ తీర్పును ఆధారం చేసుకుని సముద్ర మండలాల చట్టమే చేస్తే, రెండు రోజుల్లో చైనా తమ ఇద్దరి మధ్య వివాదంలో ఉన్న స్కార్బరో షోల్ చుట్టూ ఆధార రేఖలు ప్రకటించాల్సి వచ్చింది, ఈసారి అక్షాంశ రేఖాంశాలతో సహా. కాబట్టి నమూనా జవాబు ఒకటి ముందే టైపు చేసి ఉంచుకోండి. పైన నమస్కారాలు, కింద అత్యున్నత గౌరవాభివాదాలు. మధ్యలో ఫలానా తేదీ, ఫలానా కేసు, ఫలానా తీర్పును గుర్తించడం లేదని రాయాలి. తీర్పు పేరు, తేదీ పూర్తిగా రాయండి, లేకపోతే దేన్ని గుర్తించడం లేదో వాళ్లకు అర్థం కాదు.